నొప్పి లేని పాదాన్నే ముందు చూపించండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది సోంపేట దగ్గర పల్లె. మా అబ్బాయికి 19 ఏళ్లు. ఆర్మీ ర్యాలీ కోసమని రోజూ తెల్లవారకముందే బారువ తీరానికి వెళ్లి పరుగు తీస్తున్నాడు. పన్నెండు రోజుల కిందట తిరిగి వస్తూంటే రోడ్డు అంచున గోతిలో కాలు మడతపడింది. చీలమండ బయటి గిలక చుట్టూ బాగా పొంగిపోయింది. పక్క ఊళ్లో కట్టు కట్టే పెద్దాయన కాలు లాగి, ఆకుపసరు, గుడ్డుసొన వేసి వెదురుబద్దలతో కట్టు కట్టారు. ఆరెంపీ గారు రెండు సూదులు వేసి నొప్పి మాత్రలు ఇచ్చారు. మాత్ర వేసుకుంటే నడుస్తున్నాడు, మానేస్తే కుంటుతున్నాడు. గిలక దగ్గర వాపు తగ్గింది గానీ పాదం బయటి అంచు మీద చెయ్యి వెయ్యనివ్వడు. విరిగితే నడవలేడు కదా, నరం తొక్కుకుని ఉంటుంది అని అందరూ అంటున్నారు. ఎక్స్‌రే తీయించాలా? ర్యాలీ రెండు నెలల్లో ఉంది, మళ్లీ ఎప్పుడు పరిగెట్టొచ్చు? మా ఆయనకి కూడా నెల నుంచి ఎడమ పాదం వాచి ఎర్రగా ఉంది. ఆయనకి పదేళ్లుగా షుగర్. నొప్పేమీ లేదు, తోట పని చేసుకుంటున్నారు. రాత్రిళ్లు ఉప్పు కాపడం పెడుతున్నాను. మీరు ఏటి చెయ్యమంటే అది చేస్తాం బాబూ.

— ఒక తల్లి, సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, ఉత్తరమంతా బాబు గురించి రాసి, మీ వారి గురించి చివర నాలుగు మాటలతో సరిపెట్టారు. నన్ను కంగారుపెట్టినవి ఆ నాలుగు మాటలే. ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. ఒక్కరినే ముందు తీసుకెళ్లడానికి వీలైతే మీ వారిని తీసుకెళ్లండి. ఇది చదివిన గంట నుంచే ఆయన ఆ కాలి మీద బరువు వెయ్యడం మానుకోవాలి. తోటకి వెళ్లొద్దు. కాపడం అసలే వద్దు.

నొప్పి ఎక్కువైతే దెబ్బ పెద్దది, నొప్పి లేకపోతే దెబ్బే లేదు అని మనమంతా అనుకుంటాం. మీ ఇంట్లో ఇద్దరి విషయంలోనూ ఆ లెక్క తప్పింది. బాబు నొప్పిని మాత్ర అణిచిపెట్టింది. మీ వారి నొప్పిని షుగర్ ఎప్పుడో తీసుకుపోయింది. అందుకని ఇద్దరికీ 'నొప్పి ఉందా' అని అడగడం పక్కనపెట్టి, వేలితో నొక్కి, చేత్తో తాకి, కంటితో చూసి తెలుసుకోవాలి. ఎలాగో చెబుతాను.

ముందు మీ వారి సంగతి. షుగర్ చాలా ఏళ్లు ఉన్నవాళ్లలో, ముఖ్యంగా అదుపు తప్పి ఉన్నవాళ్లలో, పాదాలకు వెళ్లే నరాలు నెమ్మదిగా మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా, చెప్పులో రాయి ఉన్నా తెలియదు. అలాంటి పాదంలో చిన్న ఎముక ఏదో బీట వారుతుంది, లేదా కీలు కొంచెం పక్కకి జరుగుతుంది. మనకైతే ఆ క్షణమే కాలు కింద పెట్టనివ్వదు. ఆయనకి ఏమీ అనిపించదు కాబట్టి దాని మీదే నడుస్తారు, బరువులు మోస్తారు. లోపల ఎముక ఇంకా చితుకుతుంది. పాదం వాచి, ఎర్రబడి, వేడెక్కుతుంది. దీన్ని షార్కో పాదం అంటారు. నరాలు చచ్చినవాళ్లలో కీళ్లు ఇలా కూలిపోవడాన్ని ఫ్రాన్సులో షార్కో అనే డాక్టరు 1868లో వివరించాడు. షుగర్ వల్ల కూడా ఇది వస్తుందని 1936 నుంచీ వైద్యులకు తెలుసు. అయినా ఈ రోజుకీ చాలామందికి మొదట్లో దీన్ని చీము పట్టిన కాలనో, బెణుకనో, యూరిక్ యాసిడ్ వాపనో మందులిచ్చి పంపేస్తున్నారు. ఆ మందులు వాడుతూ నడుస్తూనే ఉంటారు. కొన్ని నెలల్లో పాదం వంపు కూలిపోయి, అరికాలు మధ్యలో బయటికి పొడుచుకొస్తుంది. అక్కడ పుండు పడుతుంది. ఆ పుండు మానక కాలు తీసెయ్యాల్సి వచ్చిన మనుషులను చూశాను. వాళ్లలో చాలామంది మొదటి నెలలో అన్న మాట ఒక్కటే: నొప్పేమీ లేదండీ.

మీ వారికి అదే అని ఉత్తరం చూసి తేల్చి చెప్పను, అలా చెప్పడం తప్పు. కానీ పదేళ్ల షుగర్, ఒకే పాదం వాపు, ఎరుపు, నొప్పి లేకపోవడం, ఇవన్నీ కలిసినప్పుడు షార్కో కాదని తేలేదాకా షార్కోగానే చూడాలి.

ఈ రాత్రే ఇంట్లో మూడు పనులు చెయ్యండి. ఆయన్ని కాసేపు పడుకోబెట్టి, మీ చేతి వెనక భాగాన్ని ముందు కుడి పాదం మీద, తర్వాత ఎడమ పాదం మీద ఒకే చోట ఆనించండి. ఎడమది స్పష్టంగా వేడిగా ఉంటే అది గట్టి గుర్తు. ఆసుపత్రిలో చర్మం వేడిని కొలిచే పరికరం ఉంటే రెండు పాదాల మధ్య 2 డిగ్రీల సెల్సియస్ తేడాని లెక్కలోకి తీసుకుంటారు. రెండోది, ఆయన్ని కళ్లు మూసుకోమని, బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను మీ చూపుడు వేలితో ఒకటి రెండు సెకన్లు మెత్తగా తాకండి. నొక్కకూడదు, నిమరకూడదు. రెండు పాదాల్లో కలిపి ఆరు వేళ్లు. తాకినప్పుడల్లా చెప్పమనండి. రెండు వేళ్లో, అంతకన్నా ఎక్కువో తెలియకపోతే నరాలు మొద్దుబారాయని అర్థం. మూడోది, వేళ్ల సందుల్లోనూ అరికాల్లోనూ దీపం పెట్టి చూడండి. పుండు, చీము, నల్లబడిన చర్మం, వాసన, వీటిలో ఏది ఉన్నా, లేదా జ్వరం, చలి ఉన్నా అది చీము పట్టిన కాలు కావచ్చు. అప్పుడు తెల్లారేదాకా కూడా ఆగకూడదు, 108కి ఫోను చెయ్యండి. పిక్క కూడా వాచి గట్టిపడి ఉంటే రక్తనాళంలో గడ్డ కట్టిందేమో చూడమని డాక్టరుకి చెప్పండి.

డాక్టరు దగ్గర మీరు సిగ్గుపడకుండా అడగాల్సిన మాట ఒకటుంది: 'ఇది షార్కో పాదం కావచ్చా అండీ?' మొదటి వారాల్లో ఎక్స్‌రే మామూలుగా ఉండొచ్చు. ఎక్స్‌రే బాగుందని చెప్పి పంపేస్తే ఊరుకోకండి, ఎమ్మారై అవసరమేమో అడగండి. షార్కో అని తేలితే ముఖ్యమైన వైద్యం మందుల్లో లేదు, పాదం మీద బరువు పడకుండా చూడడంలో ఉంది. మోకాలి కింది నుంచి పాదానికి అంటుకుని ఉండేలా ప్రత్యేకంగా పిండికట్టు వేస్తారు. వాపు తగ్గేకొద్దీ వారం, రెండు వారాలకి దాన్ని మారుస్తారు. రెండు పాదాల వేడి సమానమయ్యేదాకా, అంటే చాలాసార్లు కొన్ని నెలలపాటు ఇది సాగుతుంది. తోట చూసుకునే మనిషికి అన్నాళ్లు కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా గట్టిగా చెబుతున్నాను, మొదటి నెలల్లో కూర్చోబెడితే ఆ పాదం ఆకారం నిలబడుతుంది, తర్వాత తగిన చెప్పులతో ఆయన మళ్లీ నడుస్తారు.

కాపడం ఎందుకు వద్దన్నానంటే, మొద్దుబారిన పాదానికి ఉప్పు మూట ఎంత వేడిగా ఉందో తెలియదు. చర్మం కాలి బొబ్బలెక్కినా ఆయన 'బాగుంది' అనే అంటారు. షుగర్ ఉన్నవాళ్ల పాదాలకు వేడినీళ్లు, ఇటుక కాపడం, ఇసుక కాపడం ఏవీ వద్దు. స్నానం నీళ్లు కూడా మీరు మోచేత్తో చూసి పొయ్యండి.

ఇక బాబు విషయం. 'విరిగితే నడవలేడు కదా' అన్న మాట ఊళ్లో అందరూ అంటారు గానీ అది నిజం కాదు. పాదంలో 26 ఎముకలున్నాయి. వాటిలో కొన్ని విరిగినా మనిషి కుంటుతూ నడవగలడు, నొప్పి మాత్ర వేసుకుంటే ఇంకా బాగా నడవగలడు.

కాలు లోపలికి మడతపడినప్పుడు ఏమవుతుందో చెబుతాను. బయటి గిలకని పాదంతో కలిపి పట్టే లిగమెంట్లు ముందుగా సాగుతాయి, ఇంకా గట్టిగా మడతపడితే తెగుతాయి. చాలా బెణుకులు ఇవే, వాపు గిలక ముందు, కింద కనిపిస్తుంది. కానీ అదే క్షణంలో ఇంకోటి జరగొచ్చు. పిక్క బయటి వైపు నుంచి ఒక టెండన్ (కండని ఎముకకి కలిపే తాడు లాంటిది) బయటి గిలక వెనకగా దిగి, పాదం బయటి అంచు మధ్యలో ఉన్న ఎముక బొడిపెకి అతుక్కుని ఉంటుంది. చిటికెనవేలి దగ్గర మొదలుపెట్టి అంచు వెంబడి వేలితో వెనక్కి జరుపుకుంటూ వస్తే ఇంచుమించు సగం దూరంలో ఆ బొడిపె తగులుతుంది. అందరికీ ఉంటుంది, ఇప్పుడే మీ పాదం మీద చూసుకోండి. పాదం మడతపడినప్పుడు ఆ చోట లాగుడు ఎక్కువై, బొడిపెలో ఒక ముక్క ఊడి వస్తుంది. గిలక దగ్గర వాపు చూసి అందరూ అక్కడే కట్టు కడతారు. విరిగింది మాత్రం నాలుగు వేళ్ల వెడల్పు కిందన ఉంటుంది. మీ బాబు చెయ్యి వెయ్యనివ్వని చోటు సరిగ్గా అదే అనిపిస్తోంది.

ఎక్స్‌రే ఎవరికి కావాలో తేల్చడానికి 1992లో కెనడాలోని ఒటావాలో డాక్టర్లు ఒక పద్ధతి పెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. దానికి యంత్రమేమీ అక్కర్లేదు, బొటనవేలు చాలు. రేపు పొద్దున్న బాబు మాత్ర వేసుకోకముందే చూడండి. బయటి గిలక వెనక అంచు వెంబడి, కింది కొస నుంచి పైకి ఆరు సెంటీమీటర్ల మేర ఎముక మీద నొక్కండి. లోపలి గిలకకీ అలాగే. తర్వాత ఇందాక చెప్పిన బయటి అంచు బొడిపె మీద నొక్కండి. ఆ తర్వాత లోపలి గిలకకి కొంచెం ముందు, కిందుగా పాదం లోపలి అంచున ఒక ఎముక ఎత్తుగా తగులుతుంది, దాని మీద నొక్కండి. ఈ నాలుగు చోట్లలో ఎక్కడైనా ఎముక మీదే నొప్పి పుడితే ఎక్స్‌రే తీయాలి. దెబ్బ తగిలిన వెంటనే, తర్వాత డాక్టరు చూసేటప్పుడు కూడా నాలుగడుగులు వెయ్యలేకపోయినా ఎక్స్‌రే తీయాలి. కుంటినా సరే, రెండు కాళ్ల మీదా రెండేసి అడుగులు పడితే వేసినట్టే లెక్క. ఇవేవీ లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం బాగా తక్కువ.

ఈ పద్ధతి అందరికీ చెల్లదు. పాదం మొద్దుబారిన షుగర్ మనిషికి, తాగి ఉన్నవాడికి, చిన్నపిల్లలకి దీన్ని నమ్ముకోకూడదు. పిల్లల్లో ఎముక పెరిగే చోటు లిగమెంటు కన్నా బలహీనంగా ఉంటుంది, పెద్దవాళ్లకి బెణుకయ్యే దెబ్బకి పిల్లలకి ఎముక జరగొచ్చు. అనుమానం ఉంటే చూపించడమే.

పన్నెండు రోజులైనా బాబుకి ఆ అంచు మీద అంత నొప్పి ఉందంటే ఎక్స్‌రే తీయించాల్సిందే. తీయించేటప్పుడు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. 'గిలక బెణికింది' అని చెబితే చీలమండకి తీసి పంపేస్తారు, ఆ బొడిపె అందులో సరిగా పడకపోవచ్చు. నొప్పి ఉన్న చోటు వేలితో చూపించి, పాదానికి కూడా తీయమని అడగండి. బొడిపె కొసలో చిన్న ముక్క ఊడితే భయం లేదు. గట్టి అడుగున్న బూటో, కట్టో వేసుకుని నాలుగు నుంచి ఆరు వారాలు జాగ్రత్తగా నడిస్తే చాలామందికి ఆపరేషన్ లేకుండానే అతుకుతుంది. అదే విరుగుడు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు ముందుకి ఉంటే కథ వేరు. అక్కడ ఎముకకి రక్తం సరిగా అందదు, అతకడం ఆలస్యమవుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు పిండికట్టుతో, చంకకర్రల మీద, కాలు నేలకి ఆనించకుండా ఉండాలి. ఒక్కోసారి స్క్రూ వెయ్యాల్సి వస్తుంది. పై నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఎక్స్‌రేలోనే తేడా తెలుస్తుంది.

కట్టు కట్టిన పెద్దాయన్ని నేను తప్పుపట్టడం లేదు. ఆసుపత్రి దూరమైన ఊళ్లలో జనం ఆయన్నే నమ్ముకున్నారు, ఆయనా సాయం చెయ్యాలనే చూస్తారు. కానీ రెండు పనులు మాత్రం ఎవరు చేసినా ప్రమాదమే. మొదటిది, ఎముక విరిగిందో లేదో తెలియకుండా కాలు లాగడం. విరిగి సరిగ్గా ఉన్న ముక్కలు ఆ లాగుడికి జరిగిపోవచ్చు. రెండోది, వాపు ఇంకా పెరుగుతుండగా బద్దలు పెట్టి బిగించి కట్టడం. వాపు పెరుగుతుంది, కట్టు పెరగదు, లోపల రక్తం ఆగిపోతుంది. కట్టు ఏదైనా సరే, ఆసుపత్రిలో వేసిన పిండికట్టైనా సరే, వేళ్లు చల్లబడినా, నీలంగానో పాలిపోయినట్టో మారినా, తిమ్మిరెక్కినా, వేలిని మెల్లగా పైకి వంచితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా వెంటనే విప్పించాలి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. రాకపోతే పొద్దున దాకా ఆగేది కాదు. బాబు కాలి బద్దలు విప్పి, ఆకుపసరు కడిగి, చర్మం బొబ్బలెక్కిందేమో చూడండి. ఆసుపత్రికి వెళ్లేదాకా క్రేప్ బ్యాండేజీ మెత్తగా చుట్టి, కర్ర పట్టుకుని నడవమనండి.

నొప్పి మాత్రల గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీరు ఉద్దానంలో ఉన్నారు. సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని ఖాళీ చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరవాల్సి వచ్చింది అందుకే. ఆ జబ్బుకి అసలు కారణం ఇంకా తేలలేదు. కానీ డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయన్నది తేలిన సంగతి. బాగున్న కిడ్నీ రెండు మూడు రోజులు ఓర్చుకుంటుంది. అప్పటికే దెబ్బతిన్న కిడ్నీ ఓర్చుకోదు, ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగని రోజు అసలే ఓర్చుకోదు. దెబ్బతిన్నదని మనిషికి తెలియను కూడా తెలియదు. మీ బాబు పన్నెండు రోజులుగా ఆ మాత్రల మీద ఉన్నాడు. ఈ రోజుతో ఆపించండి. నొప్పి ఉంటే పారాసెటమాల్ 650 మాత్ర, ఆరేసి గంటల ఎడంతో, రోజుకి నాలుగుకి మించకుండా వేసుకోవచ్చు. లివరు జబ్బు, తాగుడు అలవాటు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే. ఆసుపత్రికి వెళ్లినప్పుడు తండ్రీకొడుకులిద్దరికీ కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూడమనండి. సూది వేసేవాళ్లని అందులో ఏముందో అడగండి. స్టెరాయిడ్ సూది పడితే మీ వారికి షుగర్ ఒక్కసారిగా పైకి పోతుంది.

ఎక్స్‌రేలో ఎముక బాగుందని తేలితే అది లిగమెంటు దెబ్బ. ఇక్కడే మన కుర్రాళ్లు ఎక్కువగా నష్టపోతున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. బెణికిన మొదటి రెండు మూడు రోజులు కాలికి విశ్రాంతి, గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున రోజుకి మూడు నాలుగు సార్లు, వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టిన క్రేప్ బ్యాండేజీ, పడుకున్నప్పుడు కాలి కింద రెండు దిళ్లు. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. ఆ రోజుల్లో వేడి కాపడం, మర్దనా, కల్లు లేదా సారా, పరుగు, ఈ నాలుగూ వాపుని పెంచుతాయి. మీ బాబుకి ఆ దశ దాటిపోయింది.

వాపు పోగానే, నొప్పి తగ్గగానే అందరూ బాగైపోయిందనుకుంటారు. లిగమెంట్లు ఎముకల్ని పట్టి ఉంచడమే కాదు, పాదం ఏ వైపు వాలుతోందో మెదడుకి ఎప్పటికప్పుడు చెబుతుంటాయి. అవి తెగినప్పుడు ఆ కబురు ఆగిపోతుంది. లిగమెంటు అతికినా కబురు దానంతటది తిరిగి రాదు, సాధనతో తెప్పించాలి. తెప్పించనివాళ్లకి నెలకోసారి కాలు మడతపడుతూనే ఉంటుంది, చివరికి కీలు అరుగుతుంది. ఆర్మీ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగొకటే కాదు, తొమ్మిదడుగుల గొయ్యి దూకాలి, జిగ్‌జాగ్ దిమ్మ మీద పడిపోకుండా నడవాలి. బలం ఉండీ అక్కడ తూలిపోయే కుర్రాడికి చీలమండే కారణం కావచ్చు.

సాధన ఇలా చెయ్యమనండి. ముందు కుర్చీలో కూర్చుని, కాలు గాల్లోకి ఎత్తి, బొటనవేలితో అ నుంచి ఱ దాకా అక్షరాలన్నీ రాయాలి. మన అక్షరాలన్నీ గుండ్రటివి కాబట్టి కీలు అన్ని వైపులా తిరుగుతుంది. రోజుకి రెండు మూడు సార్లు. నొప్పి లేకుండా అది వచ్చాక పాత సైకిల్ ట్యూబుని మంచం కోడుకి కట్టి, పాదానికి తగిలించి బయటి వైపుకి లాగాలి. మెల్లగా లాగి, ఇంకా మెల్లగా వదలాలి. తర్వాత గోడకి వేళ్లు ఆనించి మునివేళ్ల మీద లేవడం, పదిహేనేసి చొప్పున మూడు సార్లు. రెండు కాళ్ల మీద మొదలుపెట్టి ఒక్క కాలి మీదకి రావాలి. అన్నింటికన్నా ముఖ్యమైనది ఒంటికాలి మీద నిలబడడం. పళ్లు తోముకునేటప్పుడు నిలబడమనండి. అర నిమిషం కదలకుండా నిలబడగలిగాక కళ్లు మూసుకుని, అదీ వచ్చాక మడత దుప్పటి మీద. రెండు కాళ్ల మధ్య తేడా పోయేదాకా ఇది ఆపకూడదు. కొద్దిగా సాగిన బెణుకైతే ఒకటి నుంచి మూడు వారాల్లో, సగం తెగితే మూడు నుంచి ఆరు వారాల్లో పరుగుకి రావచ్చు. పూర్తిగా తెగితే మూడు నెలల దాకా పడుతుంది.

మొదటి పరుగుకి ముందు ఒక పరీక్ష పెట్టండి. దెబ్బతిన్న కాలి మీద నొప్పి లేకుండా వరసగా పదిసార్లు గెంతగలగాలి. గెంతలేనివాడు పరిగెట్టకూడదు. మొదట గట్టి నేల మీద నడకా పరుగూ కలిపి, ఆ తర్వాత పూర్తి పరుగు, చివరగా ఎనిమిది అంకె ఆకారంలో మలుపులు. బారువ ఇసుకలోకి మాత్రం అన్నీ అయ్యాకే. వదులు ఇసుకలో ప్రతి అడుగుకీ పాదం ఒక పక్కకి ఒరుగుతుంది, కోలుకుంటున్న చీలమండకి అది మంచిది కాదు. ఒక సంవత్సరం పాటు పరుగులో చీలమండని పట్టి ఉంచే బ్రేస్ వేసుకుంటే మళ్లీ మడతపడే ప్రమాదం తగ్గుతుంది.

బాబుతో పాటు పరిగెడుతున్న కుర్రాళ్లకి కూడా ఒక మాట చెప్పండి. ర్యాలీ దగ్గరపడిందని దూరాన్ని ఒక్కసారిగా రెట్టింపు చేసేవాళ్లకి దెబ్బేమీ తగలకుండానే పాదం ముందు భాగంలో ఎముక సన్నగా బీట వారుతుంది. పరిగెడితే నొప్పి, ఆగితే పోతుంది, తర్వాత తర్వాత నడిచినా వస్తుంది. 1855లోనే ప్రష్యా సైన్యంలో బ్రైట్‌హాప్ట్ అనే డాక్టరు కవాతు చేసే సిపాయిల పాదాల్లో ఇది గమనించాడు. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. పాదం మీద ఒకే చోట వేలు పెడితే నొప్పి, వారాలు గడిచినా పోకపోతే, ఎక్స్‌రే బాగున్నా పరుగు ఆపి మళ్లీ చూపించాలి.

మీ ప్రాంతం వాళ్లు తెలుసుకోవాల్సినవి ఇంకా రెండున్నాయి. కొబ్బరిచెట్టు మీంచి కాళ్ల మీద పడ్డవాళ్లకి మడమ ఎముక చితుకుతుంది, అరికాల్లో నెత్తురు గడ్డ కట్టి కమిలినట్టు కనిపిస్తుంది. అలాంటివాళ్లకి నడుము వెన్నుపూస కూడా విరిగి ఉండొచ్చు. కూర్చోబెట్టి ఆటోలో తీసుకెళ్లకుండా, పడుకోబెట్టి 108లో తీసుకెళ్లండి. రెండోది మడమ వెనకుండే పెద్ద టెండన్ తెగడం. పండక్కి చాలా రోజుల తర్వాత కబడ్డీ, వాలీబాల్ ఆడే నడివయసు వాళ్లలో చూస్తుంటాం. వెనక నుంచి ఎవరో తన్నారనుకుని తిరిగి చూస్తారు, ఎవరూ ఉండరు. నొప్పి త్వరగానే తగ్గుతుంది, మెల్లగా నడుస్తారు కూడా. కానీ ఆ ఒక్క కాలి మునివేళ్ల మీద లేవలేరు. బోర్లా పడుకోబెట్టి పిక్క పిసికితే పాదం కదలదు. ఇది వారాలు ఆగే పని కాదు, రెండు మూడు రోజుల్లో డాక్టరు చూడాలి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందులు వాడుతున్నవాళ్లలో, ముఖ్యంగా 60 దాటినవాళ్లలో, స్టెరాయిడ్ కూడా వాడేవాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. ఆ మందులేసుకునే రోజుల్లో మడమ వెనక నొప్పి మొదలైతే మందు ఆపాలేమో వెంటనే డాక్టర్ని అడగాలి. ఆడవాళ్లకి పాదం దెబ్బ తగిలితే వాపు రాకముందే మెట్టెలు, పట్టీలు తీసెయ్యండి. వాచాక కత్తిరించాల్సి వస్తుంది.

సోంపేట ప్రభుత్వ ఆసుపత్రిలో మొదట చూపించండి. ఎముకల డాక్టరు అవసరమంటే టెక్కలి ఆసుపత్రికో శ్రీకాకుళం రిమ్స్‌కో రాయించుకోండి. ఆపరేషన్ దాకా వస్తే ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరులో మీ కార్డు చూపించి అడగండి.

ర్యాలీ మాట అడిగారు కాబట్టి దాచకుండా చెబుతాను. లిగమెంటు కొద్దిగా సాగిందే అయితే రెండు నెలలు సరిపోవచ్చు. ఆ బొడిపె విరిగి ఉంటే కట్టు తీసేసరికే నెలన్నర అవుతుంది, ఆ తర్వాత సాధన మొదలు. సరిగ్గా అతకని ఎముకతో పరుగు గెలిచినా మెడికల్ పరీక్షలో ఆగిపోవచ్చు. అలాంటప్పుడు ఈ ర్యాలీ వదిలేసి తర్వాతి దానికి వెళ్లమనే నా సలహా. 19 ఏళ్ల కుర్రాడికి ఇది ఒప్పించి చెప్పడం కష్టం, ఎక్స్‌రే ఫిల్ము తన చేతికే ఇచ్చి, విరిగిన చోటు డాక్టరు చేత చూపించండి. ఈ వారాల్లో పరుగు లేకపోయినా దండీలు, పుల్‌అప్స్ చేసుకోవచ్చు. చెయ్యి బలానికి కాలితో పనిలేదు. దిగేటప్పుడు దెబ్బకాలి మీద దూకకుండా కింద స్టూలు వేసుకోమనండి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మీ వారి షుగర్ చీటీలు, ఆయన రోజూ వేసుకునే చెప్పులు, బాబు మింగిన మాత్రల ఖాళీ రేకులు ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. మీ వారిని ఆటో దాకా నడిపించకండి. ఆటోనే గుమ్మం దాకా రప్పించండి.